గ్రిడ్ ఆగి ఆగి కదులుతుంటే ముందు ఒక లాగ్ లైన్ పెట్టి చూడండి

ఆండ్రాయిడ్ యాప్‌లో వరుసకు మూడు ఫోటోల చొప్పున రీసైక్లర్‌వ్యూ (స్క్రీన్ దాటిపోయిన గళ్లనే మళ్లీ వాడుకునే జాబితా) పెట్టారు, స్క్రోల్ చేస్తే ఇరుక్కుంటోంది, ఫోటోలు ఎక్కువైతే యాప్ మూసుకుపోతోంది. ఇదే కదా మీ బాధ? ఈ తలనొప్పి నేనూ పడ్డాను. మా పిన్ని చీరల కొట్టు కోసం యాప్ చేశాను. నెట్‌లోంచి దించుకున్న చిన్న చిన్న బొమ్మలతో టెస్ట్ చేసినంతసేపూ పర్వాలేదు. పిన్ని తన ఫోన్‌తో తీసిన అసలు ఫోటోలు ఎక్కించిందో లేదో, యాప్ తెరుస్తూనే క్రాష్.

ముందు ఆన్‌క్రియేట్‌వ్యూహోల్డర్‌లో (కొత్త గడి కట్టినప్పుడల్లా నడిచే ఫంక్షన్) ఒక లాగ్ లైన్ పెట్టండి. స్క్రీన్ మీద పదిహేను గళ్లు పడితే ఆ లైన్ ఏ పాతిక ముప్పై సార్లో వచ్చి, ఆ తర్వాత ఎంత స్క్రోల్ చేసినా దాదాపు ఆగిపోవాలి. నాకు తెరవగానే 600 సార్లు వచ్చింది. ఉన్నవే 600 చీరలు! పైన బ్యానర్ కూడా కలిసి కదలాలని మొత్తం నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూలో పెట్టి, గ్రిడ్ ఎత్తు ర్యాప్ కంటెంట్ (లోపల ఎంతుంటే అంత) ఇచ్చాను. అలా ఇస్తే గ్రిడ్‌కి హద్దు ఉండదు, గళ్లన్నీ ఒకేసారి కట్టేస్తుంది, ఇక రీసైకిల్ చేసేదేముంది? బయటి స్క్రోల్ పీకేసి, బ్యానర్‌ని అదే అడాప్టర్‌లో (గ్రిడ్‌కి ఐటమ్‌లు అందించే కోడ్) మొదటి ఐటమ్ చేసి, ఏ ఐటమ్ ఎన్ని గళ్ల వెడల్పో చెప్పే స్పాన్‌సైజ్‌లుకప్‌లో దానికి మాత్రం 3 ఇచ్చాను.

ఇక ఫోటో సైజు. 4000×3000 ఫోటో ఫైల్‌గా మూడు నాలుగు ఎంబీనే ఉండొచ్చు, డీకోడ్ అయ్యాక మాత్రం మెమరీలో పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన 48 ఎంబీ. 1080 పిక్సెళ్ల స్క్రీన్‌లో గడి వెడల్పు 360, చదరంగా ఉంటే అర ఎంబీ సరిపోతుంది. పైగా నేను గడిలో ఫోటో నింపే ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్‌లో, స్క్రీన్ గీసే మెయిన్ థ్రెడ్ మీదే డీకోడ్ చేశాను. 60 హెర్ట్జ్ స్క్రీన్‌కి ఫ్రేమ్‌కి 16 మిల్లీసెకన్లే దొరుకుతాయి, ఆలోపు డీకోడ్ అవ్వకపోతే స్క్రోల్ ఇరుక్కుంటుంది.

దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌కి మారిస్తే ఇంకో చిక్కు. "గద్వాల అని రాసిన చోట నైలాన్ చీర కనబడుతోందేంట్రా?" అంది పిన్ని. గడిని మళ్లీ వాడేటప్పుడు పాత లోడింగ్ రద్దు చేయలేదు మరి. అప్పటికి అంతా నేనే రాయాలన్న మొండితనం మాని, ఫోటోలు లోడ్ చేసే లైబ్రరీ గ్లైడ్‌కి మారాను. రద్దు చేయడం, సైజు తగ్గించడం రెండూ అదే చూసుకుంటుంది. ఫోటో చూపించే ఇమేజ్‌వ్యూకి మాత్రం కచ్చితమైన కొలత ఇవ్వండి, ర్యాప్ కంటెంట్ వద్దు.

మీ లాగ్‌లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పండి. లేఅవుట్ కూడా పెడితే చూస్తాను.