గదిగదికీ పాట సరే, ఆరు నెలల ఖర్చు ఎక్కడుంది?

ప్రశ్న: మాది విశాఖ, మధురవాడ. నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 1.15 లక్షలు వస్తాయి. భార్య, బడికెళ్లే పాప, అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారు. కొత్త ఫ్లాట్ ఈఎంఐ 44 వేలు, ఇంటి ఖర్చు, ఫీజులు, మందులు మరో 42 వేలు. ఇంటీరియర్ పని నడుస్తోంది. హాలు, వంటగది, పడకగదులు, బాల్కనీ అన్నిచోట్లా ఒకే పాట వినిపించేలా సీలింగ్ స్పీకర్లకు 3.2 లక్షల కొటేషన్ ఇచ్చారు. బ్యాంకువాళ్లు ఇంటి లోన్ మీదే అదనపు అప్పుగా 8.5 శాతానికి 20 ఏళ్ల టాప్‌అప్ ఇస్తామంటున్నారు, నెలకు 2,777 రూపాయలే. అది వచ్చేలోపు అడ్వాన్సు 80 వేలు క్రెడిట్ కార్డు మీద ఇచ్చి, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కడదామనుకుంటున్నా. పొదుపు ఖాతాలో 70 వేలు ఉన్నాయి. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. ఇలా చేయవచ్చా?

జవాబు: వద్దు.

కొత్త ఇంట్లోకి వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది, అందుకే మీ ప్రశ్న తీసుకున్నా. ఎలాగూ 44 వేలు కడుతున్నాం, ఇంకో మూడు వేలు ఒక లెక్కా అనిపిస్తుంది. ఆ 2,777ను 240 నెలలతో గుణించి చూడండి. 6.66 లక్షలు. అంటే స్పీకర్ల ధర కన్నా వడ్డీయే ఎక్కువ. పైగా ఇవి టైల్స్‌లా వేసి మర్చిపోయేవి కావు. 2020 మేలో స్పీకర్ల కంపెనీ సోనోస్ తన పాత మోడళ్లకు కొత్త ఫీచర్ల అప్‌డేట్లు ఆపేసింది. మీ పాప ఉద్యోగంలో చేరాక కూడా మీరు ఈ వాయిదా కడుతూనే ఉంటారు.

ఇక మినిమమ్ డ్యూ! నెలకు మూడున్నర శాతం వడ్డీ ఉన్న కార్డయితే 80 వేలకు వడ్డీ 2,800, దానిపై జీఎస్టీ 504. మీరు 4 వేలు కడితే అసలులో తగ్గేది 700 కూడా కాదు. ఆ బాకీ ఉన్నన్నాళ్లూ అదే కార్డుతో కొన్న పాల ప్యాకెట్టుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. పర్సనల్ లోన్, బంగారం కుదువ సంగతి మీరు అడగలేదు. అడగొద్దు కూడా.

అసలు టెన్షన్ పడాల్సింది ఆ 70 వేల గురించి. మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 86 వేలు. రేపు ఉద్యోగం పోతే మీ దగ్గరున్నది 25 రోజులకు కూడా రాదు. అదే రోజు ఆఫీసు బీమా కూడా పోతుంది, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. ఉద్యోగం లేకున్నా ఆరు నెలలు గడవాలంటే 5.16 లక్షలు కావాలి. ఉన్న 70 వేలకు తోడు నెలకు 25 వేలు పక్కన పెడితే ఏడాదిన్నరలో ఆ మొత్తం చేరుతుంది. ఎఫ్‌డీలో పెట్టినా, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టినా సరే, ఇంటి పనికి మాత్రం ముట్టుకోవద్దు. మిగిలే నాలుగు వేలతో ముందు టర్మ్ పాలసీ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా), ఆ తర్వాత సొంత ఆరోగ్య పాలసీ చూడండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

పాట మానేయమనడం లేదు. ఫాల్స్ సీలింగ్ మూయకముందే ప్రతి గదికీ విడిగా పైపు వేయించి స్పీకర్ వైరు లాగించండి. కరెంటు వైర్ల పైపులోనే దూర్చేస్తామంటే ఒప్పుకోకండి. చివరలన్నీ టీవీ యూనిట్ వెనక ఒకచోటికి తెప్పించి, ఏది ఏ గదిదో టేపు మీద రాయించి, ఫొటోలు తీసుకోండి. ఇప్పుడైతే వైరు, కూలీ ఖర్చే. తర్వాతైతే సీలింగ్ కోయాలి. ప్రస్తుతానికి ఒకే కంపెనీవి రెండు చిన్న వైఫై స్పీకర్లు కొని, యాప్‌లో గ్రూపు చేస్తే హాల్లోనూ వంటగదిలోనూ ఒకే పాట కలిసి వస్తుంది. స్పీకర్లు, యాంప్లిఫయర్ సంగతి ఏడాదిన్నర తర్వాత, చేతిలో డబ్బుతో చూసుకోండి.

ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి, కొటేషన్ ఇచ్చినవాళ్లను వైరింగ్‌కు మాత్రం ఎంతవుతుందో విడిగా రాసిమ్మనండి. వాళ్లు విడిగా చేయలేమంటే మీ ఇంటి ఎలక్ట్రీషియన్‌నే అడగండి.