స్పర్జన్‌ది వారసత్వ సేవేనా?

ప్రశ్న: పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు చార్లెస్ స్పర్జన్ తాత, తండ్రి, తమ్ముడు, కొడుకులు అందరూ పాస్టర్లేనట. అంటే ఆయన సేవ కూడా వారసత్వంగా వచ్చిందేనా? తాత, తండ్రి బాప్టిస్టులు కారని కూడా విన్నాను. మరి ఆయన ఎలా అయ్యారు?

జవాబు: మీరడిగిన రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుందమ్మా. వారసత్వమే అయితే ఆయన ఇండిపెండెంట్ శాఖలో, అంటే పసిపిల్లలకూ బాప్తిస్మం ఇచ్చే శాఖలో పాస్టర్ అయ్యుండాలి. తాత జేమ్స్ ఆ శాఖవారే. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు స్టాంబోర్న్ అనే పల్లెలో యాభై ఏళ్లకు పైగా కాపరిగా ఉన్నారు. తండ్రి జాన్ వారమంతా కోల్చెస్టర్‌లో ఒక బొగ్గు వ్యాపారి దగ్గర లెక్కలు రాసి, ఆదివారం టోల్స్‌బరీ వెళ్లి వాక్యం చెప్పేవారు. పాస్టర్ల కుటుంబం అనగానే ఆస్తిపాస్తులు ఊహించుకోకండి!

చార్లెస్ 1834లో పుట్టాడు. ఏడాది దాటగానే తాతగారింటికి పంపేశారు. ఆ రోజుల్లో అక్కడ కిటికీలకూ పన్ను ఉండేది. ఆ పన్ను తప్పించుకోవడానికి కిటికీ మూసేసిన చీకటి గది ఒకటి ఆ ఇంట్లో ఉంది. దాని నిండా ప్యూరిటన్లు అనే పాతకాలపు ఇంగ్లండు ప్రొటెస్టెంట్ బోధకుల పుస్తకాలు. పిల్లవాడు వాటిని వెలుతురులోకి మోసుకొచ్చి చదివేవాడు. తాత ఇచ్చిన ఆస్తి అంటే నా లెక్కలో ఆ గదే.

రక్షణ మాత్రం ఇంట్లో దొరకలేదు. 1850 జనవరిలో ఒక ఆదివారం మంచు తుపాను వల్ల అనుకున్న చోటికి వెళ్లలేక, కోల్చెస్టర్‌లోనే ప్రిమిటివ్ మెథడిస్టులనే మరో శాఖవారి చిన్న మందిరంలో దూరాడు. అక్కడి పాస్టర్ కూడా రాలేకపోయారు. ఎవరో సామాన్యుడు లేచి 'భూదిగంతముల నివాసులారా, నా వైపు చూచి రక్షణ పొందుడి' అనే యెషయా వాక్యం తీసుకుని, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాడు. తాత ప్రసంగాలు, తండ్రి ప్రసంగాలు విని పెరిగిన కుర్రాడు మారింది ఆ మనిషి మాటకు.

ఆ తర్వాత కొత్త నిబంధన చదివి, విశ్వసించాకే బాప్తిస్మం తీసుకోవాలని తేల్చుకున్నాడు. బాప్టిస్టుల నమ్మకం అదే. ఇంట్లో చెప్పకుండా చేయలేదు, తండ్రికి ఉత్తరం రాసి అనుమతి అడిగాడు. ఆ ఏడాది మే 3న ఐల్హమ్ దగ్గర లార్క్ నదిలో బాప్తిస్మం పొందాడు. అది తల్లి పుట్టినరోజు కూడా. అప్పటికి పదిహేనేళ్లు. నిన్ను క్రైస్తవుణ్ణి చేయమని ప్రార్థించాను గానీ బాప్టిస్టును చేయమని అడగలేదురా అందట ఆ తల్లి. అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వడం దేవుడికి అలవాటే కదమ్మా అన్నాడట కొడుకు. పదిహేనేళ్లకే ఈ నోరు ఉంటే లండన్ ఊగిపోవడంలో వింతేముంది!

పంతొమ్మిదేళ్లకు లండన్‌లో న్యూ పార్క్ స్ట్రీట్ సంఘం, 1861లో ఆ సంఘానికే వేలమంది పట్టే మెట్రోపాలిటన్ టాబర్నకల్ అనే మందిరం. ఇదంతా మీరు చదివే ఉంటారు. నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఒకసారి హేవర్‌హిల్‌లో కూటం. రైలు ఆలస్యమై చార్లెస్ రాలేదు. ముసలి తాతే లేచి 'కృపచేతనే రక్షణ' అనే వాక్యం మీద మొదలుపెట్టారు. మధ్యలో మనవడు లోపలికి వస్తుంటే చూసి, నాకంటే బాగా చెప్పగలడేమో గానీ నాకంటే మంచి సువార్త చెప్పలేడు, అవునా చార్లెస్ అన్నారు. మనవడు వేదికెక్కి తాత ఆపిన చోట నుంచే అందుకున్నాడు. శాఖలు వేరైనా చెప్పేది ఒకటే అని ఆ ముసలాయనకు తెలుసు.

ప్రశ్న: మరి ఆయన తర్వాత ఆ సంఘం కొడుక్కే ఎందుకు వెళ్లింది?

జవాబు: అంత తేలిగ్గా వెళ్లలేదు. స్పర్జన్ తమ్ముడు జేమ్స్ (తాత పేరే) 1868 నుంచే అక్కడ సహ పాస్టర్. స్పర్జన్ కవల కొడుకుల్లో, తండ్రి పేరే పెట్టుకున్న చార్లెస్ లండన్‌లోని గ్రీనిచ్‌లో పాస్టర్, థామస్ న్యూజిలాండ్‌లో ఆక్లండ్ వెళ్లి సేవ చేశాడు. 1892 జనవరి 31న ఫ్రాన్స్‌లోని మెంటన్‌లో స్పర్జన్ చనిపోయే సమయానికి, ఆయన జబ్బు కాలమంతా టాబర్నకల్‌లో వాక్యం చెబుతున్నది ఆర్థర్ పియర్సన్ అనే అమెరికన్. ఈ పియర్సన్ బాప్టిస్టు కూడా కాదు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ప్రెస్బిటేరియన్ శాఖవాడు! అయినా సంఘంలో చాలామంది ఆయన్నే ఉండమన్నారు. రెండేళ్ల లాగుడు తర్వాత 1894లో థామస్‌ను ఎన్నుకున్నారు. అదీ ఏకగ్రీవంగా కాదు, ఓట్లు వేసి.