డీలర్ పేరు ఎటు పోయింది? వర్చువల్ టేబుల్ లింకుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా నమస్తే, నేను హనుమకొండల ఒక విత్తనాలు, ఎరువుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సిస్టమ్స్ చూస్త. అకౌంట్స్ అంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల లెక్కల సాఫ్ట్‌వేర్ డైనమిక్స్ 365 ఫైనాన్స్‌ల ఉంటది, ఊర్లు తిరిగే పిల్లల కోసం పవర్ యాప్స్‌ల చిన్న యాప్ చేసినం. డీలర్ల లిస్టు రెండుసార్లు ఎక్కించుడు ఎందుకని డేటావర్స్‌ల (పవర్ యాప్స్ డేటా దాచే చోటు) వర్చువల్ టేబుల్ పెట్టి, విజిట్ టేబుల్ నుంచి దానికి లుకప్, అంటే లింక్, ఇచ్చినం. మే నెలంత మంచిగనే నడిచింది. వానలు పడ్డంక చూస్తే నర్సంపేట, పరకాల లైన్ల 43 మంది డీలర్ల పాత విజిట్లు తెరిస్తే డీలర్ పేరు వస్తలేదు, రికార్డ్ లేదంటంది. ఫైనాన్స్‌ల మాత్రం డీలర్లున్నరు, కోడ్ గూడ అదే! అకౌంట్స్ వాళ్లనడిగితే గ్రూపు తప్పు పడ్డది, బిల్లులింకా కాలేదు గదా అని తీసేసి మళ్ల ఎక్సెల్‌తోని ఎక్కించినం, అంతే అన్నరు. సింక్ ఎక్కడ ఆగింది?

జవాబు: తమ్మీ, సింక్ ఆగలే, అసలు అక్కడ సింక్ అనేదే లేదు. వర్చువల్ టేబుల్‌ల డేటా ఉండదు, స్క్రీన్ తెరిచినప్పుడల్ల డేటావర్స్ పోయి ఫైనాన్స్‌ను అడిగి తెచ్చి చూపిస్తది. నీ విజిట్ రికార్డుల దాచి ఉన్నది ఒక్క జీయూఐడీ (రికార్డును గుర్తుపట్టే 32 అక్షరాల నంబర్) మాత్రమే, డీలర్ కోడ్ కాదు, పేరు కాదు.

ఆ జీయూఐడీ ఎట్ల తయారైతదో తెలిస్తే నీ కథంత అర్థమైతది. ఫైనాన్స్‌ల ప్రతి రికార్డుకు రెక్ ఐడీ అని 64 బిట్ల నంబర్ ఉంటది, డేటావర్స్ ఏమో జీయూఐడీ కావాలంటది, అందుకని మొదటి 8 అక్షరాలల్ల టేబుల్ నంబర్, చివరి 16 అక్షరాలల్ల రెక్ ఐడీ పెట్టి ఒక జీయూఐడీ చేస్తరు. డీలర్‌ను తీసేసి మళ్ల ఎక్కిస్తే కోడ్ పాతదే అయినా రెక్ ఐడీ కొత్తది. ఎనుమాముల మార్కెట్‌ల రైతు బస్తాలతోని బయటికి పోయి మళ్ల గేటు నుంచి వచ్చిండనుకో, మనిషి అదే, మిర్చి అదే, కొత్త చిట్టీ మీద నంబర్ వేరు. నీ యాప్ పాత చిట్టీ పట్టుకొని వెతుకుతంది.

మామూలు టేబుల్ అయితే లింకులున్న రికార్డును తీసేస్తుంటే డేటావర్స్ అడ్డం పడేటట్టు పెట్టుకోవచ్చు. ఇక్కడ తీసేసింది ఫైనాన్స్‌ల, ఆ సంగతి డేటావర్స్‌కు చెప్పేటోళ్లే లేరు. అకౌంట్స్ వాళ్లను తిట్టకు, వాళ్ల స్క్రీన్ మీద అంతా సక్కగనే కనిపించింది.

ఇప్పుడు బాగు చేసుడు. విజిట్లు వేలల్ల ఉన్నా భయపడకు, ఒక్కో పాత జీయూఐడీ ఒక్కో డీలర్‌ది, అంటే నువ్వు తేల్చాల్సినవి 43 మాత్రమే. డీలర్లను తీసేసిన దానికి ముందటి రోజు డేటాబేస్‌ను సాండ్‌బాక్స్‌ల, అంటే పరీక్షల కోసం పెట్టుకున్న వేరే సిస్టమ్‌ల, రీస్టోర్ చేయించు, పాత జీయూఐడీ చివరి 16 అక్షరాలను (అవి హెక్స్‌ల, అంటే 16 లెక్కన ఉంటయి) మామూలు సంఖ్యలకు మార్చితే రెక్ ఐడీ వస్తది, దాంతోని ఆ సాండ్‌బాక్స్‌ల వెతికితే ఎవరో తెలుస్తది. బ్యాకప్ దొరకకపోతే పిల్లలను కూసోబెట్టి ఏ తేదీన ఏ ఊరికి పోయిన్రో అడుగు, 43 మందే గదా, ఒక పూట పని.

అయినంక విజిట్ టేబుల్‌ల రెండు మామూలు కాలమ్‌లు పెట్టు, డీలర్ కోడ్, కంపెనీ కోడ్. రెండోది వద్దనుకోకు! ఫైనాన్స్‌ల కస్టమర్ కోడ్ కంపెనీ వరకే లెక్క, మీకు వరంగల్‌కు ఒక కంపెనీ, కరీంనగర్‌కు ఒక కంపెనీ ఉంటే రెండిట్ల సీ-00012 ఉండొచ్చు, కోడ్ ఒక్కటే చూసి కలిపితే ఒకరి విజిట్ ఇంకొకరి ఖాతాల పడతది, పేరు రాకపోవుడు కన్నా అది పెద్ద ముప్పు, ఎందుకంటే తప్పు పేరు చూసి ఎవరికీ అనుమానం రాదు. రాత్రిపూట ఒక ఫ్లో (దానంతట అది నడిచే పని) నడిపి లుకప్ దొరకని విజిట్లను తీయి, రెండు కోడ్‌లు కలిపి వెతికితే సరిగ్గ ఒక్కరే దొరికితే కొత్త లింక్ పెట్టించు, ఎవ్వరూ దొరకకపోయినా ఇద్దరు దొరికినా మనిషికి చూపించు. అకౌంట్స్ వాళ్లకు గూడ చెప్పు, గ్రూపు తప్పయితే అదే కోడ్ మీద అప్‌డేట్ ఎక్కిస్తే చాలు, రెక్ ఐడీ కదలదు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్న. ఫైనాన్స్‌ల డీలర్ ఎంటిటీకి (వర్చువల్ టేబుల్‌కు డేటా ఇచ్చేది ఇదే) మా డెవలపర్ కొత్త కాలమ్ కలిపిండు, వర్చువల్ టేబుల్‌ల వారం నుంచి కనిపిస్తలేదు.

జవాబు: డేటా ఎప్పటికప్పుడు వస్తది గానీ టేబుల్ రూపం దానంతట అది మారదు. డేటావర్స్‌ల ఫైనాన్స్ ఎంటిటీల క్యాటలాగ్ ఉంటది, అండ్ల మీ ఎంటిటీ తెరిచి రిఫ్రెష్ టిక్ పెట్టి సేవ్ చేయున్రి. ప్రతి రిలీజ్ పనుల లిస్టుల ఈ ముక్క రాసి పెట్టుకోవాలె, అందరం మర్చిపోయేది ఇదే.

ప్రశ్న: మాది ములుగు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి లోపటికి పోతే సిగ్నల్ ఉండదు, డీలర్ లిస్టే తెరుచుకోదు. వర్చువల్ టేబుల్‌తోనే ఏమన్న చేయొచ్చా?

జవాబు: చేయలేరు. వర్చువల్ టేబుల్ ఆఫ్‌లైన్‌ల పనిచేయదు, ఎవరు ఎప్పుడు మార్చిన్రన్న ఆడిట్ గూడ దాని మీద రాదు. మీకు డీలర్ల పేరు, ఊరు, కోడ్ వరకు నిజంగ కాపీ కావాలె. మామూలు టేబుల్ చేసి, కంపెనీ కోడ్, డీలర్ కోడ్ కలిపి ఆల్టర్నేట్ కీ (రికార్డును గుర్తుపట్టే ఇంకో గుర్తు) పెట్టి, ఫైనాన్స్ నుంచి రాత్రిపూట అప్‌సర్ట్ చేయున్రి, అంటే ఉంటే మార్చుడు, లేకుంటే కొత్తగ ఎక్కించుడు, విజిట్ లుకప్ ఈ కాపీకి ఇయ్యున్రి. అప్పుడు ఫైనాన్స్‌ల తీసి మళ్ల ఎక్కించినా కాపీల రికార్డ్ అదే ఉంటది, లింక్ తెగదు. ఫైనాన్స్‌ల కనపడని డీలర్‌ను కాపీల తీసేయొద్దు, ఇనాక్టివ్ చేయున్రి. దిద్దుబాట్లు ఫైనాన్స్‌లనే, యాప్‌ల డీలర్ పేరు మార్చే వీలే పెట్టొద్దు. బాకీ ఎంతున్నదో మాత్రం వర్చువల్ టేబుల్‌లనే ఉంచున్రి, సిగ్నల్ ఉన్నప్పుడు చూస్తరు, రాత్రి కాపీ కొట్టిన బాకీ చూసి పగటిపూట సరుకు ఇస్తే లెక్క తప్పుతది.