తూము తెరిచే చెయ్యి

చిరంజీవి శ్రావ్యకు,

నువ్వు పంపిన ‘ఊరి చెరువు’ వీడియో గేమ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి కథలా చదివాను, కళ్లు చెమర్చాయి. రెండోసారి చేతిలో కంట్రోలర్, అదే ఆటను నడిపే బటన్ల పరికరం, ఉన్నట్టు ఊహించుకుని చదివాను. పన్నెండు పేజీల దాకా నా వేళ్లకు పనే దొరకలేదమ్మా.

నీ అర్జున్ పట్నం నుంచి ఊరొస్తాడు. ఎండిన చెరువు కట్ట మీద నిలబడి చిన్నతనం తలుచుకుంటాడు, సర్పంచితో గొడవపడతాడు, ఊరిని కాపాడతానని ఒట్టు పెట్టుకుంటాడు. ఇదంతా కట్‌సీనే. ఆడేవాళ్లు ఊరికే చూస్తూ కూర్చోవాలి. పన్నెండో పేజీ చివర వాళ్ల చేతికి కర్ర ఇచ్చి, నలుగురు రౌడీలను కొట్టమన్నావు. అంటే కథంతా చెరువుది, ఆటంతా కర్రది. నెల తర్వాత ఎవరినైనా అడిగి చూడు, వాళ్లకు గుర్తుండేది కర్రే.

పులి-మేక ఆడే ఉంటావు. గుడి అరుగు మీద బొగ్గుతో పటం గీసి, మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులికి దూకి చంపే హక్కుంది, మేకకు లేదు. మేక చేయగలిగిందల్లా ఇంకో మేక పక్కన నిలబడటమే. కానీ సందు లేకుండా నిలబడితే పులికి అడుగు వేసే చోటుండదు, గెలుపు మేకలది. ఇందులో ఒక్క డైలాగు లేదు, వెనక కథ లేదు. అయినా బలమున్నవాడి గురించి, లేనివాళ్ల గురించి అది చెప్పేది ఆడిన ప్రతి పిల్లకీ వేళ్లకు తెలుసు. ఆటలో నియమం కథకు పక్కన ఉండేది కాదు, అదే కథ.

నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. పదేళ్ల కిందట ఒక ఆటకు నేతపని వాళ్ల కుటుంబం కథ రాశాను. అందులో నాయనమ్మ చనిపోయే చోట నలభై వాక్యాలు, ఒక్కో మాటా చెక్కి చెక్కి రాసినవి. ప్లేటెస్ట్ రోజు, అంటే విడుదలకు ముందు బయటివాళ్లతో ఆడించి చూసే రోజు, పన్నెండేళ్ల కుర్రాడు ఆడుతుంటే వెనకాల నిలబడ్డాను. వాడు స్కిప్ బటన్ నొక్కుకుంటూ పోయాడు. నలభై వాక్యాలూ చిటికెలో అయిపోయాయి. ఆ తర్వాత గది మూలకు వెళ్లి, అక్కడి కుండలన్నీ ఒక్కొక్కటే పగలగొట్టాడు. శవం పక్కన. నాకు వాడి మీద చాలా కోపమొచ్చింది. ఇంటికొచ్చి పడుకున్నాక గానీ తట్టలేదు. కుండ పగలగొడితే నాణెం దొరుకుతుందని మొదటి నుంచీ వాడికి నేర్పింది మేమే. వాడు మా మాట విన్నాడు, అంతే.

మర్నాడు ఆ నలభై వాక్యాలూ తీసేశాను, కుండలూ తీయించాం. నాయనమ్మ మగ్గం మీద ఆగిపోయిన చీరలో జానెడు బట్ట మిగిల్చి, అది ఆడేవాళ్లతో నేయించాం. నాడె అటు, నాడె ఇటు. మాటల్లేవు. తర్వాతి వారం వచ్చిన అబ్బాయి ఆ జానెడూ నేసి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టు సన్స్’ ఆడకపోతే వెంటనే ఆడు. ముగింపు ముందే తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేసి, ఆడాక చదువు. అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఒకే కంట్రోలర్. ఎడమ చెయ్యి అన్నను నడిపిస్తుంది, కుడి చెయ్యి తమ్ముణ్ణి. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు దాటాలంటే అన్న వీపు పట్టుకునే దాటతాడు. చివరికి అన్న చనిపోతాడు. ఎడమ చేతికి పనేమీ ఉండదు. ఆ తర్వాత తమ్ముడు ఒంటరిగా నీళ్ల ముందు నిలబడతాడు. వాడి బటన్ నొక్కినా దిగడు. ఏం చెయ్యాలో తోచక, అన్న కోసం వాడిన ఎడమ బటన్ నొక్కుతావు. తమ్ముడు ఈదడం మొదలుపెడతాడు. ఆ క్షణంలో నా ఎడమ చెయ్యి వణికింది. నవలలో నేనెన్ని పేజీలు రాసినా పాఠకుడి ఎడమ చేతిలోకి ఆ దుఃఖాన్ని పంపలేను.

అదే ఏడాది వచ్చిన ఇంకో ఆట ‘పేపర్స్, ప్లీజ్’. లూకాస్ పోప్ తయారుచేశాడు. నువ్వొక దేశం సరిహద్దులో చిన్న గదిలో కూర్చుని పాస్‌పోర్టులు చూసే గుమస్తావి. కాగితాలు సరిచూడటం, ముద్ర వేయడం, ఇదే ఆట. సరిగా చూసిన ఒక్కో మనిషికి ఐదు క్రెడిట్ల కూలి. సాయంత్రం అయ్యేసరికి అద్దె, తిండి, చలిమంటకు ఖర్చు అని లెక్క కనిపిస్తుంది. ఒకరోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగానే ఉంటాయి. వెనకే తన భార్య వస్తోంది, కాస్త దయ చూపమంటాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. పంపిస్తే నీ మీద తప్పు రాస్తారు. మొదటి రెండు తప్పులు హెచ్చరికలతో పోతాయి, మూడోదాని నుంచి డబ్బు కోస్తారు. ఇంట్లో కొడుక్కి మందులు కావాలి. మంచివాడివా చెడ్డవాడివా అని ఆట నిన్ను అడగదు. వరసలో తర్వాతి మనిషిని పిలుస్తుంది.

ఇక్కడే నీ మల్లయ్య గుర్తొచ్చాడు. నీ స్క్రిప్టులో నీరటి మల్లయ్య, అంటే పొలాలకు చెరువు నీళ్లు వదిలే మల్లయ్య, తాగి తూలుతూ వచ్చి నవ్వించి పోయే మనిషి. తూము ఎప్పుడెత్తాలో, ఏ కాలువకు ఎంతసేపు నీళ్లు వదలాలో, చెరువు నిండి మత్తడి దూకే ముందు కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతుందో ఊళ్లో తెలిసినవాడు ఆయనొక్కడే. చాలా ఊళ్లలో తరతరాలుగా ఆ పని దళిత కుటుంబాలదే. అందరి మడికీ నీళ్లు పారించినవాడికి సొంత మడి ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఇంత మనిషిని పక్కన పెట్టి, తూము ఎటు తిరుగుతుందో తెలియని అర్జున్‌కు మా చెయ్యి ఇచ్చావు. ఎందుకమ్మా?

చిన్నప్పుడు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ చదువుకున్నాం కదా. ప్రతి పాత్రకూ ఆ పరీక్ష పెట్టు. 1981 నాటి ‘డాంకీ కాంగ్’ ఆటలో ఎక్కేది, దూకేది మగవాడు, పైన బందీగా ఉండి కేకలేసేది ఆడమనిషి. ఆమెకు చేయడానికి పనేమీ లేదు, ఆమె కర్మ మాత్రమే. 1986లో ‘మెట్రాయిడ్’ వచ్చింది. కవచం తొడుక్కుని పోరాడిన వీరుడు ఆడమనిషని చివర్లో తెలుస్తుంది. కర్త స్థానం ఆమెకు దక్కింది, అది పెద్ద అడుగే. కానీ ఆట ఎంత త్వరగా ముగిస్తే ముగింపులో ఆమె ఒంటి మీద బట్టలు అంత తగ్గుతాయి. వేగంగా ఆడినందుకు అదీ బహుమతి. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నారు. ఆ లాక్కోవడం ఏ డైలాగులోనూ లేదు, డిజైన్‌లో ఉంది. అందుకే మాటలు రాసి పక్కకు తప్పుకోకు. దేనికి పాయింట్లు ఇస్తున్నారు, దేనికి కోస్తున్నారు అని మీటింగులో అడుగు. కొత్తమ్మాయి మాట ఎవరు వింటారని టెన్షన్ పడకు, అడిగితేనే వింటారు.

ఇక భాష. అర్జున్ పుస్తకంలోలా మాట్లాడతాడు, మల్లయ్య ఒక్కడే ఊరి యాసలో మాట్లాడతాడు. మన సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ మాట కమెడియన్‌కో రౌడీకో దక్కింది, సీమ మాట బాంబులేసేవాళ్లకు దక్కింది. ఆ పాత అలవాటు తెలియకుండానే నీ కలంలోకి వచ్చింది. నువ్వు వరంగల్ దగ్గర పుట్టినదానివి. మీ ఇంట్లో ప్రేమగా, కోపంగా, చావు దగ్గర ఎలా మాట్లాడుకుంటారో ఆ మాటే సర్పంచికీ, డాక్టరమ్మకూ, అర్జున్‌కూ ఇవ్వు. అప్పుడు యాస నవ్వు కోసం కాకుండా ఊపిరిలా ఉంటుంది.

ఇంకొకటి, మన భాషలో వచ్చే చిక్కు. ఆడేవాళ్లు అర్జున్ బదులు అమ్మాయిని ఎంచుకునే వీలూ పెట్టావు. ‘వచ్చావు’ అంటే ఇద్దరికీ సరిపోతుంది. కానీ ఊళ్లోవాళ్లు వెనకాల మాట్లాడుకునేటప్పుడు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ రెండూ రాయాలి. ఆడపిల్లకు ‘వచ్చింది’, ఆవుకూ ‘వచ్చింది’. ‘వచ్చారు’ అనిపించుకోవడానికి ఊళ్లో ఎవరు ఏం చేయాలి? మల్లయ్యను పదేళ్ల పిల్లలు కూడా ‘ఒరే’ అంటున్నారు నీ స్క్రిప్టులో. అది నిజమే, ఉంచు. అయితే ఆటలో ఏ రాత్రి తర్వాత ఎవరు మొదట ‘మల్లయ్య తాతా’ అంటారో నువ్వు తేల్చుకో. ఒక్క పిలుపు మారితే చాలు, రెండు పేజీల ఉపన్యాసం అక్కర్లేదు.

చిన్న విషయాలు రెండు. దారిన పోయేవాళ్ల మాటలు ఆటలో యాభైసార్లు వినిపిస్తాయి, అందుకే చమత్కారం వద్దు, పొట్టిగా రాయి. ఆటను తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, అంటే గేమ్ ఇంజన్లు, కొన్నింటిలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. మొదటి వారంలోనే ‘కృష్ణ’, ‘స్త్రీ’ తెర మీద ఎలా వస్తున్నాయో ప్రోగ్రామర్ పక్కన కూర్చుని చూడు.

స్క్రిప్టు మొత్తం ఇప్పుడే తిరగరాయకు. ఒక్క రాత్రి రాయి. చెరువులో నీళ్లు తక్కువ, పొలాలు ఎక్కువ, తూము దగ్గర మల్లయ్య. మొదటి మడి సర్పంచిది, చివరి మడి మొగుడు లేని ఒక ముసలామెది. కంప్యూటర్ కూడా వద్దు. కాగితం మీద ఎనిమిది గళ్లు గీయి, ఇరవై చింతగింజలు నీళ్లనుకో, ఒక్కో మడికి నాలుగు గింజలు కావాలనుకో. మీ నాన్నను కూర్చోబెట్టి మల్లయ్యగా ఆడించు, నువ్వేమీ చెప్పకు. చివరి మడికి ఆయన ఎన్ని గింజలు వదిలారో, వదిలే ముందు ఎంతసేపు ఆలోచించారో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో.