నానోట్యూబులు నీళ్లలోని విషాన్ని పట్టేసుకుంటే జలచరాలకు మేలేనా?

"కార్బన్ ఫిల్టరులాగే కార్బన్ నానోట్యూబులు కూడా నీళ్లలోని రసాయనాలను పట్టేసుకుంటాయి కదా, మరి ఆ ట్యూబులూ రసాయనాలూ రెండూ చెరువులో కలిస్తే ప్రమాదం తగ్గాలి కదా?" అని అడిగారు. నానోట్యూబులంటే కార్బన్ పరమాణువుల అల్లికతో ఏర్పడే, కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలు. పీహెచ్‌డీ మొదట్లో నేనూ అచ్చం ఇలాగే అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

నా పని డాఫ్నియా మీద. బియ్యపు నూకంత ఉండే నీటి జీవి, అక్వేరియం ఉన్నవాళ్లకు చేపల మేతగా తెలిసే ఉంటుంది. పుట్టి 24 గంటలు దాటని పిల్లలను బీకరుకు ఐదు చొప్పున వేసి, 48 గంటల తర్వాత ఎన్ని కదలడం లేదో లెక్కపెట్టాలి. అంతే పరీక్ష.

నేను తీసుకున్న రసాయనం ఫినాంత్రీన్. తారులో, డీజిల్ పొగలో ఉండేదే. మూడు బెంజీన్ వలయాలు అతుక్కున్న చదునైన అణువు. నీళ్లలో సరిగ్గా కరగదు, వలయాల అల్లికలాంటి నానోట్యూబు దొరికితే పోయి దానికి అంటుకుంటుంది. నీళ్లు వడకట్టి కొలిస్తే చాలావరకు మాయం! సంబరంగా గైడుగారికి చూపించాను. ఆయన షీటు తిరగేసి, "మరి పిల్లలు ఎందుకు పోతున్నాయయ్యా?" అన్నారు.

నిజమే. నీళ్లలో మిగిలిన ఆ కాస్త ఫినాంత్రీన్‌కు పోవాల్సిన వాటికంటే ఎక్కువే పోయాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. డాఫ్నియా ఒళ్లు గాజులా ఉంటుంది, గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఆ గాజులో కాటుకతో గీసినట్టు ఒక నల్లటి గీత. పేగు నిండా నానోట్యూబులే, వాటికి అంటుకున్న ఫినాంత్రీన్‌తో సహా! నీళ్లను జల్లెడ పట్టి తినే జీవి, పాచికీ మసికీ తేడా దానికేం తెలుసు? మంచినీళ్లలోకి మార్చినా తెల్లారేదాకా ఆ గీత పోలేదు. పచ్చటి పాచి నాలుగు చుక్కలు వేశాకే కదిలింది, ముందు నలుపు, వెనకే పచ్చ. మామూలు 48 గంటల పరీక్షలో మేత వేయరు, కాబట్టి మింగింది లోపలే ఉండిపోతుంది.

2008లో డెన్మార్క్ పరిశోధకులు సీ60 ఫుల్లరీన్‌తో, అంటే 60 కార్బన్ పరమాణువుల బంతిలాంటి అణువుతో, ఇలాంటి పనే చేశారు. ఫినాంత్రీన్ సుమారు 85 శాతం సీ60 ముద్దలకు అంటుకుంది, అయినా నీళ్లలో మిగిలినదాని లెక్కన చూస్తే విషప్రభావం పెరిగింది. చెక్కకు పురుగు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌తో తిరగబడింది, విషప్రభావం తగ్గింది. మిథైల్ పారాథియాన్ అనే పురుగుమందు అయితే కొద్దిగానే అంటుకుంది, విషప్రభావంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి "మేలా, కీడా" అని ఒక్క మాటలో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ రసాయనం, ఏ జీవి అని ముందు చెప్పాలి. ఫిల్టరులో కార్బన్ కార్ట్రిడ్జ్ దాటి రాదు. చెరువులో అది ఎవరో ఒకరి కడుపులోకి పోతుంది. అయితే మేం వాడేది లీటరుకు మిల్లీగ్రాముల్లో, బయటి నీళ్లలో ఉంటుందని అంచనా వేసేది దానికంటే ఎన్నో రెట్లు తక్కువ. రేపటి నుంచి చేపలు మానేయాలని టెన్షన్ పడకండి.

ప్రాజెక్టు కోసమే అడిగి ఉంటే ఒక మాట. నానోట్యూబులు మాత్రమే వేసిన బీకరు ఒకటి, వాటిని నీళ్లలో కలపడానికి వాడే సబ్బులాంటి సర్ఫాక్టెంట్ మాత్రమే వేసింది ఇంకొకటి తప్పకుండా పెట్టుకోండి. నా మొదటి బ్యాచ్‌లో ఆ సబ్బు బీకరులోనే ఐదుకు ఐదూ పోయాయి.