మీరు చెప్పిన ధరకే ఆమె ఇచ్చారు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 39. కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. జీతం 46,000. నా భార్య టీచరు. మాకు తొమ్మిదేళ్ళ పాప. సినిమాల్లో, టీవీ సీరియళ్ళలో కనిపించిన వాహనాల స్కేల్ మోడళ్ళను, అంటే అసలు కొలతలను అదే లెక్కలో తగ్గించి చేసిన బుల్లి నమూనాలను, ఏడేళ్ళుగా సేకరిస్తున్నాను. 62 ఉన్నాయి. మొన్న సంక్రాంతికి తెనాలి నుంచి మరదలి కుటుంబం వచ్చింది. వెళ్ళేటప్పుడు వాళ్ళ ఆరేళ్ళ బాబు నా డెలోరియన్ కారు కావాలని ఏడిస్తే నా భార్య ఇచ్చి పంపేసింది. అప్పుడు నేను పని మీద బయట ఉన్నాను. రాత్రి విషయం తెలిసి తోడల్లుడికి ఫోన్ చేసి, వెంటనే వెనక్కి పంపమని కాస్త గట్టిగానే అన్నాను. మర్నాడే తెలిసినవారి చేత పంపారు. ఒక తలుపు విరిగింది, పెట్టె చిరిగింది. ఆ రోజు నుంచి నా భార్య నాతో మాట్లాడటం లేదు. మూడు వారాలైంది. ఏం కావాలన్నా పాప చేత చెప్పిస్తోంది. ఆ కారు 11,500కు కొన్నాను. ఇంట్లో గొడవ ఎందుకని 1,500 అని చెప్పాను. విలువ తెలియక ఇచ్చేసింది. ఆమెకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

సలహా: మీ ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను కానీ అసలు ఉత్తరం మూడు పేజీలు. అందులో రెండు పేజీలు ఆ కారు గురించే ఉన్నాయి. రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీలు కారని, తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయని, 1981లో ఉత్తర ఐర్లండ్‌లో దాని తయారీ మొదలుపెట్టిన కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసిందని రాశారు. మూతపడిన ఆ కంపెనీ కారును 1985లో ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమా, కాలంలో ప్రయాణించే యంత్రంగా చూపించాక ప్రపంచమంతా దాన్ని గుర్తుపెట్టుకుందని, గంటకు 88 మైళ్ళ వేగం అందుకోగానే అది మరో కాలంలోకి దూకుతుందని రాశారు. నాలుగు మీటర్ల పైచిలుకు కారును పద్దెనిమిదో వంతుకు తగ్గించి జానెడు చేసినా, లోపలి మీటలు కూడా లెక్క తప్పకుండా ఉన్నాయని మురిసిపోయారు. కార్ల సంగతి ఏమీ తెలియని నేను ఆ రెండు పేజీలూ ఆపకుండా చదివాను. ఇదంతా మీ భార్యకు ఒక్కసారైనా చెప్పారా? ఉత్తరంలో ఆమె గురించి నాలుగు వాక్యాలు మాత్రమే ఉన్నాయి, నాలుగూ ఫిర్యాదులే.

విలువ తెలియక ఇచ్చేసిందని అంటున్నారు. విలువ ఆమెకు తెలుసు. మీరే చెప్పారు, 1,500 అని. పండగకు వచ్చిన చెల్లెలి కొడుకు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పదిహేను వందల బొమ్మ చేతిలో పెట్టి పంపని పెద్దమ్మ మన వైపు ఎవరైనా ఉంటారా? మీరు చెప్పిన ధరకే ఆమె ఇచ్చారు. 11,500 రూపాయల వస్తువును ఆమె ఎవరికీ ఇవ్వలేదు, అలాంటిది ఇంట్లో ఉందని ఆమెకు తెలియదు కాబట్టి.

ఇప్పుడు ఆ రాత్రి ఫోన్‌ను ఆమె వైపు నుంచి వినండి. పదిహేను వందల బొమ్మ కోసం తన భర్త తన చెల్లెలి మొగుడి మీద గొంతు పెంచాడు. పసివాడి చేతిలోంచి లాక్కుని పంపించేదాకా ఊరుకోలేదు. పెద్దమ్మ ఇచ్చిందని వాడు ఊరంతా చూపించుకుని ఉంటాడు. ఇక మీదట చెల్లెలు ఈ ఇంటి గడప తొక్కాలన్నా, పిల్లవాడు ఇక్కడ ఏదైనా ముట్టుకోవాలన్నా జంకుతారు. ఆమె మౌనం బొమ్మ గురించి కాదు. పుట్టింటివాళ్ళ ముందు తన మాటకు విలువ లేకుండా పోయింది. విరిగిన తలుపు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆమె వైపు తప్పే లేదని అనను. మీ వస్తువును మిమ్మల్ని అడగకుండా ఇవ్వడం తప్పే. ధర 150 రూపాయలైనా అది తప్పే. ఒక్క ఫోన్ చేసి ఉండవలసింది. ఆ మాట ఆమెతో మీరు తప్పకుండా చెప్పవచ్చు, కానీ మీ అబద్ధం ఒప్పుకోకముందు ఆ మాట ఎత్తే అర్హత మీకు లేదు.

మీ ఉత్తరంలో ఒక మూల, ఏటా సంక్రాంతికి ఆమె బొమ్మల కొలువు పెడతారని రాశారు. అందులో ఆమె అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు ఉందని, ఒక చెవి దగ్గర రంగు పోయి తెల్లటి పొణికి కర్ర కనిపిస్తుందని కూడా రాశారు. మీరు ఎంత దగ్గరగా చూశారో ఆ మాటలోనే తెలుస్తోంది. ఆ పిల్లవాడు పండగ రోజులన్నీ ఆ మెట్ల ముందే తిరిగి ఉంటాడు. ఏనుగు కావాలని ఏడ్చి ఉంటే మీ భార్య ఇచ్చేవారా? ఇవ్వరు. కొత్తది కొండపల్లిలో కొన్ని వందలకే దొరుకుతుంది, అయినా ఇవ్వరు. ఆ ఏనుగు ఎవరిదో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో పేరంటానికి వచ్చిన ప్రతివారికీ ఆమె చెబుతారు. ఇంట్లో అందరికీ ఆ కథ తెలుసు. మీ 62 వాహనాలు బీరువా మీద పెట్టెల్లో ఉన్నాయి. ముట్టుకోవద్దన్న మాట తప్ప వాటి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ వినలేదు.

కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది ఆనవాయితీ. అంటే ఇంకొక్కటి కావాలనే మీ ఆరాటం ఆమెకు కొత్త కాదు. మీ అభిరుచిని అర్థం చేసుకోగల మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏడేళ్ళు దాచుకున్నారు.

ఇక డబ్బు. మొత్తం 2,90,000 ఖర్చయిందని, ఆమెకు తెలిసింది 60,000 మాత్రమేనని రాశారు. ఏడేళ్ళకు పంచితే నెలకు దాదాపు 3,450 రూపాయలు. మీ జీతంలో పదమూడో వంతు. తక్కువేమీ కాదు, ఆ ఇంట్లో ఆమె సంపాదన కూడా ఉంది, ఆమెకూ కోరికలు ఉన్నాయి. కానీ సంసారాన్ని ముంచే మొత్తమూ కాదు. ముందే కూర్చుని చెప్పి ఉంటే నెలకు రెండు వేలో, రెండున్నర వేలో ఆమే ఒప్పుకునేవారేమో. చీర ధర తగ్గించి చెప్పిన భార్యలు, ఫోన్ ధర తగ్గించి చెప్పిన భర్తలు నాకు తరచూ రాస్తుంటారు. వాళ్ళందరూ మీలాగే గొడవ ఎందుకని అంటారు. ఆ గొడవ ఎక్కడికీ పోదు, ఇలా పండగ పూట వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి పాప నిద్రపోయాక ఒక కాగితం తీసుకుని 62 పేర్లూ రాయండి. ఎదురుగా అసలు ధర రాయండి. క్రెడిట్ కార్డు మీద ఇంకా కట్టవలసిన 18,000 కూడా రాయండి, అది వదిలేస్తే మిగతాదంతా వృథా. ఆ కాగితం ఆమె చేతికి ఇచ్చి, “నీకు 1,500 అని చెప్పింది నేను. నువ్వు ఇచ్చింది ఆ బొమ్మనే. ఫోన్‌లో అరవడం నా తప్పు” అనండి. అక్కడ ఆగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. ఆమెకు కోపం ఇంకా పెరగవచ్చు కూడా, ఎందుకంటే ఒక అబద్ధం అనుకున్నది 62 అబద్ధాలని తెలుస్తుంది. ఆ కోపాన్ని భరించండి. కార్డు బాకీ తీరేదాకా కొత్తది కొననని మీ అంతట మీరే చెప్పండి.

ఒక్క మాట మాత్రం అనకండి: “ఇది పెట్టుబడి, రేపు ధర పెరుగుతుంది” అని. ఉత్తరంలో రెండుసార్లు ఆ మాట రాశారు. 1965లో కార్గి కంపెనీ జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్ బొమ్మ కారు చేసింది. సినిమాలో వెండి రంగు కారు, బొమ్మకు బంగారు రంగు వేశారు. మీట నొక్కితే లోపలి మనిషి పైకి ఎగిరిపడతాడు. ఆ బుల్లి మనిషిని పిల్లలు ఎగరేసి పోగొట్టేవారు కాబట్టే, మనిషీ పెట్టే చెక్కుచెదరకుండా మిగిలినవాటికి ఈనాడు అంత గిరాకీ. కానీ ఏది మిగులుతుందో, కంపెనీ మళ్ళీ ఎప్పుడు అదే మోడల్ విడుదల చేసి పాతవాటి ధర పడేస్తుందో ముందే ఎవరు చెప్పగలరు? మీరు వీటిని అమ్ముకోవడానికి కొనలేదు. ఇష్టపడి కొన్నారు. ఇష్టమని చెప్పడానికి ఇంత సిగ్గు ఎందుకు?

మీ పాప అడిగితే ఎత్తి చూపించడానికైనా వాటిని బీరువా మీద నుంచి దించండి. మన గుంటూరు ఎండలకు పెట్టెల్లో ఏళ్ళ తరబడి మూసి ఉంచితే రంగు పొంగుతుందని, రబ్బరు టైర్లు ప్లాస్టిక్ పీటకు అతుక్కుంటాయని మీలాగా సేకరించేవారే చెబుతారు. తాళం ఉన్న అద్దాల అర ఒకటి హాల్లో చేయించండి, ఎండ పడని గోడకు. ఎక్కడ పెట్టాలో మీ భార్యను అడగండి.

మరదలికి మీరే ఫోన్ చేయాలి, తోడల్లుడికి కాదు, ముందు ఆమెకే. తర్వాత ఒక ఆదివారం తెనాలి వెళ్ళండి, పాతిక కిలోమీటర్లే కదా. నూట యాభై, రెండు వందలకు దొరికే వేలెడు కార్లు రెండు మూడు బాబుకు తీసుకెళ్ళండి, అవి వాడివి, విరగ్గొట్టుకున్నా అడగకండి. డెలోరియన్ కూడా తీసుకెళ్ళండి. విరిగిన తలుపును గడియారాలు బాగుచేసేవారి చేత తర్వాత పెట్టించుకోవచ్చు. రెండో తలుపు బాగానే ఉంది కదా. అది పక్కకు లాగితే రాదు, పైకి ఎత్తాలి. వాడి వేలు పట్టుకుని ఎలా ఎత్తాలో చూపించండి.