‘సహజ’ మినరల్ పొడి ఆవులకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాకు ఎనిమిది పాడి ఆవులున్నాయి. ఇప్పుడు వాడుతున్న మినరల్ మిక్స్చర్ ఆపేసి, రాక్ ఫాస్ఫేట్, ఆల్చిప్పల పొడి, బంకమట్టి, సముద్రపు నాచు కలిపిన ‘సహజ’ పొడికి మారదామనుకుంటున్నాం. రసాయనాలు లేవు కాబట్టి ల్యాబ్ పరీక్ష అక్కర్లేదని, రోజుకు 50 గ్రాములు పెట్టమని అమ్మే అతను అంటున్నాడు. ఆ సరుకు స్వచ్ఛమైనదేనా, ప్రకృతికి నష్టం లేకుండా తీసిందేనా అన్నది ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన నాలుగింటిలో నాకు టెన్షన్ పెట్టేది రాక్ ఫాస్ఫేట్. భాస్వరం కోసం వేసే ఈ రాతిలో ఫ్లోరిన్ కూడా ఉంటుంది, సాధారణంగా 3 నుంచి 4 శాతం. మీ 50 గ్రాముల పొడిలో సగం ఈ రాయే అనుకుందాం. 25 గ్రాముల్లో 3 శాతం అంటే 750 మిల్లీగ్రాముల ఫ్లోరిన్. ఆవు ఏళ్ల తరబడి తినే మేతలో ఫ్లోరిన్, ఎండు పదార్థం (మేతలో తేమ పోగా మిగిలేది) కిలోకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. రోజుకు 12 కిలోల ఎండు పదార్థం తినే ఆవుకు ఇది 480 మిల్లీగ్రాములు. నీళ్లలో ఉన్న ఫ్లోరిన్ లెక్కలోకి రాకముందే హద్దు దాటిపోయింది.

దీని దెబ్బ నెలలో కనిపించదు. పళ్లు వచ్చే వయసులో ఉన్న పెయ్యలకు పళ్ల మీద మచ్చలు పడతాయి, త్వరగా అరిగిపోతాయి. పెద్ద పశువుల ఎముకలు ఉబ్బి, కుంటుతాయి. అప్పటికి ఏ పొడి వాడామో మనకే గుర్తుండదు. అందుకే దాణాలో వేసే ఫాస్ఫేట్ నుంచి ముందే ఫ్లోరిన్ తీసేస్తారు. భాస్వరం 100 పాళ్లు ఉంటే ఫ్లోరిన్ ఒక పాలు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. ‘రసాయనం’ అని మీరు వద్దనుకుంటున్న ఆ శుద్ధే మీ ఆవు పళ్లను కాపాడేది. పొలంలో ఎరువుగా వేసే రాతిపొడిని దాణాలో మాత్రం కలపకండి.

బంకమట్టి సంగతికొస్తే, 1997లో అమెరికాలో కోళ్లలో, గుడ్లలో, పెంపకం క్యాట్‌ఫిష్ చేపల్లో డయాక్సిన్ అనే విషం బయటపడింది. ఆరా తీస్తే, దాణా ముద్ద కట్టకుండా సోయా పిండిలో కలిపిన బంకమట్టి దగ్గరికి వచ్చి ఆగింది. మిసిసిపీలోని గనిలో తవ్విన మట్టి అది. 2004లో నెదర్లాండ్స్‌లో పాలలో ఇదే విషం కనిపించింది. అక్కడ ఫ్యాక్టరీలో బంగాళాదుంపల్లో మంచివి, నాసివి వేరుచేయడానికి నీళ్లలో కలిపిన మట్టి, మేతగా వేసిన తొక్కలకు అంటుకుని ఆవుల దాకా వెళ్లింది. రెండుచోట్లా మట్టి ‘సహజమైనదే’.

ఆల్చిప్పల పొడితో ఇంత భయం లేదు, అది దాదాపుగా కాల్షియం కార్బొనేట్. అందులో ఇసుక కలిసిందేమో ఇంట్లోనే చూడొచ్చు. చెంచా పొడిని గ్లాసు వెనిగర్‌లో వేసి, మధ్యమధ్యలో కలుపుతూ ఒక రోజు ఉంచండి. నురగ వచ్చి పొడి కరుగుతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. అయితే సీసం, ఆర్సెనిక్ ఇలా తెలియవు. వాటికి ల్యాబ్ ఒక్కటే దారి. సముద్రపు నాచులో ఆర్సెనిక్, అయోడిన్ రెండూ ఎక్కువగా ఉండొచ్చు. మోతాదు మించితే ఆ అయోడిన్ పాలలోకీ వస్తుంది.

అందుకే అమ్మే అతన్ని మీ బస్తా మీదున్న బ్యాచ్ నంబరుతోనే రిపోర్టు అడగండి. మూడేళ్ల కిందటిది, వేరే బ్యాచ్‌ది పనికిరాదు. కాల్షియం, భాస్వరంతో పాటు ఫ్లోరిన్, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, ఇసుక ఎంతున్నాయో అంకెల్లో ఉండాలి. మట్టి కలిసిన పొడి అయితే డయాక్సిన్ పరీక్ష కూడా అడగండి. ‘లేదు’ అని రాసి ఉంటే, ఎంత తక్కువ వరకు కొలిచి లేదన్నారో చూడండి. ముతక కొలతకు ఏదీ దొరకదు కదా! పైగా పాడి ఆవుకు జింక్, రాగి కూడా కావాలి. ఈ నాలుగింటి నుంచి అవి చాలినంత అందుతాయన్న నమ్మకం నాకు లేదు.

ఇక ప్రకృతికి నష్టం గురించి. ఆల్చిప్పలు మాంసం తీశాక మిగిలినవైతే మంచిదే, బతికున్న ఆల్చిప్పల దిబ్బలను తవ్వి తెచ్చినవైతే వద్దు. నాచును మొదలు ఉంచి కోస్తే మళ్లీ పెరుగుతుంది, పీకేస్తే పెరగదు. ఫాస్ఫేట్ రాయి మాత్రం తవ్వితే అయిపోయేదే. ప్రపంచంలో ఉన్న నిల్వల్లో సుమారు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతంలోనే ఉన్నాయి. ఆవుకు అవసరానికి మించి పెట్టిన భాస్వరం పేడలో బయటికి వచ్చి, వానకు చెరువుల్లో చేరి నాచు పెంచుతుంది. కాబట్టి ఎక్కడ తవ్వారో అడగడం కన్నా ముందు, అసలు ఎంత కొనాలో లెక్క వేయండి. తవుడులో భాస్వరం బాగానే ఉంటుంది, ఆవు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని వాడుకోగలవు. తవుడు బాగా పెట్టే ఇంట్లో కొరత పడేది ఎక్కువగా కాల్షియమే. పది లీటర్ల పాలతో దాదాపు 12 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. మీ మేత వివరాలు రాసి పంపితే ఎంత భాస్వరం తగ్గించొచ్చో చెబుతాను.

అప్పటిదాకా ఇప్పుడు వాడే మిక్స్చర్ ఆపకండి. కొత్త పొడి ఏది కొన్నా అయిదారు బస్తాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి కలిపి, అర కిలో గట్టి మూత సీసాలో వేసి, బ్యాచ్ నంబరు రాసి దాచండి, తర్వాత తేడా వస్తే పరీక్షకు పనికొస్తుంది. గొర్రెలు కూడా ఉంటే ఆవుల మినరల్ వాటికి పెట్టకండి, ఆవుకు సరిపడే రాగి గొర్రెకు విషమవుతుంది. ఈనడానికి మూడు వారాల్లోపు ఉన్న ఆవుకు ఆల్చిప్పల పొడి కూడా వేయొద్దు. అప్పుడు కాల్షియం ఎక్కువైతే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పనిని ఒళ్లు తగ్గించేస్తుంది. ఈనగానే పాలజ్వరంతో కూలబడే ప్రమాదం పెరుగుతుంది.